చూపు, స్పర్శ, జ్ఞానం: మోలినూ ప్రశ్న చరిత్ర

కంటితో చూచి ఒక వస్తువును గుర్తించినప్పుడు, ఆ జ్ఞానాన్ని మనకిచ్చినది కన్ను మాత్రమేనా? జ్ఞానమీమాంసలోని ఈ విచారణకు ఒక స్పష్టమైన రూపమిచ్చినవాడు డబ్లిన్ నగరానికి చెందిన విలియం మోలినూ (1656–1698). దృష్టిశాస్త్రాన్ని అభ్యసించిన ఈయన ఇంటిలోనే అంధత్వం ఉంది. ఆయన భార్య వివాహమైన కొద్దికాలానికే చూపు కోల్పోయింది.

మోలినూ 1688లో, తిరిగి 1693లో ఆంగ్ల తత్వవేత్త జాన్ లాక్‌కు ఒక ప్రశ్న వ్రాసి పంపాడు. పుట్టుగ్రుడ్డివాడొకడు గోళాన్ని, ఘనాన్ని చేతితో తడిమి గుర్తించగలడు. పెద్దవాడైన తరువాత అతనికి చూపు వస్తే, తాకకుండా చూచినంత మాత్రాన ఏది గోళమో, ఏది ఘనమో చెప్పగలడా? చెప్పలేడని మోలినూ అభిప్రాయం. లాక్ దానితో ఏకీభవించి, మానవ అవగాహనను గూర్చిన తన గ్రంథం రెండవ ముద్రణలో (1694) ఈ ప్రశ్నను చేర్చాడు. జ్ఞానమంతా అనుభవమూలకమన్న ఆయన సిద్ధాంతానికి అది బలమిచ్చింది.

1709లో బర్క్‌లీ మరింత ముందుకు వెళ్ళాడు. చూపు ఇచ్చే భావాలు వేరు, స్పర్శ ఇచ్చే భావాలు వేరు; వాటిని కలిపేది అనుభవమేనని వాదించాడు. లైబ్నిట్జ్ అంగీకరించలేదు. ఎదుట ఉన్నవి ఆ రెండు వస్తువులేనని ముందుగా చెబితే, ఘనానికి మూలలున్నాయి, గోళానికి లేవు గనుక అతడు బుద్ధితో తేల్చుకోగలడన్నాడు.

1728లో శస్త్రవైద్యుడు చెసెల్డెన్, శుక్లాలు తొలగించిన సుమారు 13 ఏళ్ళ బాలుని అనుభవాన్ని ప్రకటించాడు. ఆ బాలుడు మొదట ఏ వస్తువు ఆకారాన్నీ చూపుతో గుర్తించలేకపోయాడు. అయితే అది మనస్సు అసమర్థతా, లేక ఇంకా కోలుకోని కంటి అసమర్థతా అన్న వివాదం మిగిలింది.

దాదాపు మూడు శతాబ్దాల తరువాత ఈ ప్రశ్న భారతదేశానికి చేరింది. పవన్ సిన్హా ప్రారంభించిన ప్రాజెక్ట్ ప్రకాశ్ ద్వారా చికిత్స పొందిన, 8 నుండి 17 ఏళ్ళ వయస్సుగల ఐదుగురు పిల్లలపై జరిగిన పరిశోధన 2011లో వెలువడింది. ఒక ఆకారాన్ని మరొక దానినుండి వారు చూపుతో వేరుచేయగలిగారు; కాని చేతితో తడిమినదానిని కంటితో పోల్చుకోవడం ఇంచుమించు ఊహగానే మిగిలింది. తిరిగి పరీక్షించిన పిల్లలు కొద్ది దినాలలోనే ఎంతో మెరుగుపడ్డారు. ఆ పిల్లల చూపు అప్పటికి ఎంత స్పష్టంగా ఉన్నదన్న విషయమై తత్వవేత్తలు ఆక్షేపణలు లేవనెత్తారు గనుక వాదం పూర్తిగా ముగియలేదు.

అయినా చూచుట, చూచినదానిని ఎరుగుట ఒకటి కాదని ఈ చరిత్ర తెలుపుతున్నది. కొత్తగా చూపు పొందిన బిడ్డ తడబడితే అది మందబుద్ధి కాదు. నేర్చుకొనుటకు గడువు కావాలి. మోలినూ గ్రుడ్డివాడు ఊహలోని మనిషి. ఈ పిల్లలు నిజమైనవారు. వారికి వైద్యం అందినందువలననే ఆ పాత ప్రశ్నను మళ్ళీ పరీక్షించడం సాధ్యమైంది.