హిందూపురం ప్రాంతంలో పురపాలక అధ్యక్ష పదవి

శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, ధర్మవరం, పెనుకొండ పట్టణాల పాలకవర్గాలకు నాయకత్వం వహించే ఎన్నికైన ప్రతినిధిని అధ్యక్షుడనీ, ఛైర్మన్ అనీ పిలుస్తారు. నగరపాలక సంస్థకు మాత్రమే మేయర్ ఉంటారు కనుక ఈ మూడు పట్టణాల్లో ఆ హోదా లేదు. నంబులపూలకుంట వంటి మండల కేంద్రాల్లో గ్రామ పంచాయతీ సర్పంచిని ఓటర్లు నేరుగా ఎన్నుకుంటుండగా, పట్టణంలో ఛైర్మన్ ఎంపిక కౌన్సిలర్ల చేతుల్లో ఉండటం ఈ పదవి స్వభావాన్ని చాలావరకు నిర్ణయించింది. మహారాష్ట్రలోనో పాశ్చాత్య దేశాల్లోనో ఒకే వ్యక్తి దశాబ్దాల తరబడి చిన్న నగరాన్ని ఏలిన ఉదాహరణలు ఉన్నప్పటికీ, ఈ ప్రాంతంలో సుదీర్ఘ రాజకీయ జీవితాలు శాసనసభ్యులకే దక్కాయి తప్ప ఛైర్మన్లకు దక్కలేదు. అందుకు కారణాలు వ్యక్తుల సమర్థతలో కాక పదవి నిర్మాణంలోనే ఉన్నాయి.

మద్రాసు రాజధానిలో పురపాలనకు పునాది 1865, 1871 సంవత్సరాల పట్టణాభివృద్ధి చట్టాలతో పడింది. స్థానిక స్వపరిపాలనపై 1882లో రిపన్ ప్రభువు చేసిన తీర్మానం తరువాత 1884 నాటి జిల్లా పురపాలక చట్టం వచ్చినా, తొలినాళ్ల పాలకవర్గాల్లో కలెక్టరు మాటా, ప్రభుత్వం నియమించే సభ్యుల మాటా బలంగా చెల్లేవి. బళ్లారి నుంచి విడివడి అదే 1882లో ఏర్పడిన నాటి ఉమ్మడి అనంతపురం జిల్లాలో హిందూపురం, గుంతకల్లు - బెంగళూరు రైలు మార్గం వచ్చాక, బెల్లం, చింతపండు వ్యాపారానికి పెద్ద సంతగా ఎదిగింది. పట్టుగూళ్ల మార్కెట్టు కూడా తరువాతి కాలంలో దాని పేరును కర్ణాటక వరకూ తీసుకువెళ్లింది. మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే ఈ ఊరిని కట్టించి తండ్రి హిందూరావు పేరు పెట్టాడన్నది స్థానికంగా చెప్పుకునే కథనం. 1920లో, అంటే కొత్త జిల్లా పురపాలక చట్టం వచ్చిన ఏడాదే, హిందూపురం పురపాలక సంఘమైంది. ధర్మవరానికి ఆ హోదా 1964లో వచ్చింది. విజయనగర రాజులకు ఒకప్పుడు రాజధానిగా నిలిచిన పెనుకొండ మాత్రం 2020 వరకు పంచాయతీగానే ఉండి, ఆ తరువాతే నగర పంచాయతీ, అనగా పల్లెకూ పట్టణానికీ మధ్య దశలో ఉన్న ఊరి పాలకసంస్థ, అయింది.

1920 చట్టం కింద కౌన్సిలు తన అధ్యక్షుణ్ణి తానే ఎన్నుకునే అధికారం స్థిరపడింది గాని, 1930లలో వచ్చిన సవరణలు ప్రభుత్వం నియమించే కమిషనర్‌ను తెచ్చి కార్యనిర్వహణాధికారాన్ని ఆయన చేతికి మార్చాయి. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల వేర్వేరు చట్టాలను కలిపి చేసిన 1965 నాటి ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం కూడా ఈ ఏర్పాటునే కొనసాగించింది. ఫలితంగా ఛైర్మన్ సమావేశాలకు అధ్యక్షత వహిస్తారు, అజెండాను ఆమోదింపజేస్తారు, వార్డుల మధ్య నిధుల పంపకంలో మాట చెల్లించుకుంటారు. సిబ్బంది మీద అదుపూ, బిల్లుల మీద సంతకమూ కమిషనర్‌వి. కౌన్సిలు సమావేశంలో ఒక్కో అంశాన్ని చదువుతుంటే కొందరు సభ్యులు ‘ఆమోదం’ అని బల్లలు చరచడం, ఇంకొకరు లేచి తమ వార్డులో కుళాయి రావడం లేదనో మురుగుకాలువ పూడిపోయిందనో నిలదీయడం, చివరికి అందరి చూపూ జవాబు కోసం ఛైర్మన్ వైపు కాక అధికారుల వరుస వైపు మళ్లడం ఈ అధికార విభజనకు నిలువెత్తు రూపం.

పదవికి స్థిరత్వం లేకపోవడానికి ఎన్నికల చరిత్ర మరో కారణం. రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు గడువుకు జరగడం కంటే వాయిదా పడటమే ఎక్కువ. 1967 తరువాత మళ్లీ 1981లో గాని రాష్ట్రవ్యాప్తంగా ఎన్నికలు జరగలేదు. మధ్యకాలంలో చాలా ఏళ్లు ప్రత్యేకాధికారులు, అంటే ఎన్నికైన కౌన్సిలుకు బదులుగా ప్రభుత్వం నియమించే ఉద్యోగులు, పట్టణాలను నడిపారు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఐదేళ్ల గడువునూ, రాష్ట్ర ఎన్నికల సంఘాన్నీ, మహిళలకు కనీసం మూడోవంతు స్థానాలనూ నిర్దేశించిన తరువాత కూడా ఈ జాడ్యం వదలలేదు. 2005లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2010లో తీరగా, కొత్తవి 2014 జులైలో గాని కుర్చీ ఎక్కలేదు. అవి 2019 జులైలో దిగిపోతే, 2020 మార్చిలో మొదలైన ఎన్నికల ప్రక్రియ కరోనా కారణంగా ఆగి, పోలింగు 2021 మార్చి 10న జరిగింది. పదేళ్లలో అయిదేళ్లకు పైగా ప్రజాప్రతినిధి లేని కుర్చీలో ఏ నాయకుడూ వేళ్లూనుకోలేడు. దీనికి తోడు అధ్యక్ష స్థానాల రిజర్వేషన్ ఎన్నికకూ ఎన్నికకూ మారుతుంది గనుక, బాగా పనిచేసిన వ్యక్తికి సైతం మరుసటిసారి పోటీ చేసే అర్హతే ఉండకపోవచ్చు. వెనుకబడిన తరగతులకూ మహిళలకూ దారి తెరిచిన ఆ నియమం, అనుభవం పోగుపడే దారిని కొంత ఇరుకు చేసిందనడం అన్యాయం కాదు.

ఎన్నిక పద్ధతి కూడా అటూ ఇటూ ఊగింది. 2000 నాటి ఎన్నికల్లో ఛైర్మన్లనూ మేయర్లనూ ఓటర్లు నేరుగా ఎన్నుకోగా, 2005 నుంచి మళ్లీ కౌన్సిలర్లే ఎన్నుకునే పరోక్ష పద్ధతి వచ్చింది. పరోక్ష పద్ధతిలో పార్టీ విప్, శిబిర రాజకీయాలు, శాసనసభ్యుడికీ పార్లమెంటు సభ్యుడికీ దఖలుపడిన ఎక్స్‌అఫీషియో ఓట్లు, అనగా పదవి హోదా వల్ల లభించే ఓటు హక్కు, ఛైర్మన్ భవితవ్యాన్ని తేలుస్తాయి. పొరుగునే అనంతపురం జిల్లా తాడిపత్రిలో 2021లో ఈ లెక్క ఎంత సన్నగా నడిచిందో కనిపించింది: 36 వార్డుల్లో తెలుగుదేశానికి 18, వైఎస్సార్ కాంగ్రెస్‌కు 16 దక్కగా, ఎక్స్‌అఫీషియో ఓట్లతో బలాలు సమమై, సీపీఐ సభ్యుడూ స్వతంత్ర సభ్యుడూ తెలుగుదేశం వైపు నిలవడంతో మాజీ శాసనసభ్యుడు జె.సి. ప్రభాకర్ రెడ్డి ఛైర్మన్ అయ్యారు. శాసనసభకు వెళ్లివచ్చిన నాయకుడు పురపాలక కుర్చీని కోరుకోవడం రాయలసీమలో అరుదైన విషయం; సాధారణంగా ప్రయాణం అందుకు వ్యతిరేక దిశలోనే సాగుతుంది.

హిందూపురంలో అసలు నీడ శాసనసభ స్థానానిది. ఎన్.టి. రామారావు 1985, 1989, 1994లలో ఇక్కడి నుంచి గెలవడంతో పట్టణం ముఖ్యమంత్రి నియోజకవర్గమైంది. ఆయన మరణానంతరం 1996 ఉప ఎన్నికలో కుమారుడు హరికృష్ణ, 2014 నుంచి వరుసగా మూడుసార్లు మరో కుమారుడు బాలకృష్ణ గెలిచారు. 1983 నుంచి తెలుగుదేశం ఈ స్థానాన్ని కోల్పోలేదు. పెద్ద పేర్ల పక్కన ఛైర్మన్ పేరు పట్టణం దాటి వినిపించకపోవడం సహజమే అయినా, నీటి ఎద్దడి వంటి పట్టణ సమస్య కూడా పైస్థాయి సమస్యగానే మారిపోయింది: పెన్నా ఎండిపోయే ఈ ప్రాంతంలో ట్యాంకర్ల వెంట బిందెల వరుసలు తగ్గించేందుకు గొల్లపల్లి జలాశయం నుంచి పైపులైను వేయడం ప్రభుత్వ నిధులతోనే సాధ్యపడింది, ఇంటిపన్ను మీద బతికే పురపాలక సంఘం వల్ల కాలేదు. పెనుకొండలో పరిటాల రవీంద్ర 1994 నుంచి 2005లో హత్యకు గురయ్యేదాకా శాసనసభ్యుడిగా ఉన్నారు. ధర్మవరంలోనైతే 2019లో గెలిచిన శాసనసభ్యుడు కేతిరెడ్డి వెంకట్రామిరెడ్డి ‘గుడ్ మార్నింగ్ ధర్మవరం’ పేరుతో పొద్దున్నే వీధుల్లో తిరుగుతూ కాలువ, కరెంటు, పింఛను ఫిర్యాదులు అక్కడికక్కడే వినడం రాష్ట్రమంతా ప్రచారం పొందింది. చట్టరీత్యా అందులో సగం పని వార్డు కౌన్సిలర్‌దీ ఛైర్మన్‌దీ. వీధి స్థాయిలో అంత పరిచయం సంపాదించినా ఆయన 2024లో బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ యాదవ్ చేతిలో స్వల్ప తేడాతో ఓడిపోయారు.

ఓటర్లు శాసనసభకూ పురపాలక సంఘానికీ ఒకే కొలబద్ద వాడరన్నది కూడా ఇక్కడ స్పష్టమే. 2021లో ధర్మవరం, హిందూపురం రెండూ, అదే ఏడాది నవంబరులో పెనుకొండ నగర పంచాయతీ కూడా, రాష్ట్రంలో అధికారంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కాయి. అప్పటికి హిందూపురం శాసనసభ్యుడు ప్రతిపక్షానికి చెందినవాడే. పురపాలక ఫలితం ఎక్కువగా రాష్ట్రంలో ఎవరి ప్రభుత్వం ఉందన్నదాన్నే అనుసరిస్తుందనడానికి ఆ తరువాతి పరిణామాలే ఆధారం. 2024లో ప్రభుత్వం మారగానే పలు పట్టణాల్లో కౌన్సిలర్లు పార్టీ మారారు. ఛైర్మన్‌పై అవిశ్వాస తీర్మానానికి పాలకవర్గం ఏర్పడి నాలుగేళ్లు నిండాలన్న నియమం ఉండటంతో రాజీనామాలే దగ్గరి దారి అయ్యాయి. హిందూపురంలో ఛైర్‌పర్సన్ ఇంద్రజ పార్టీ మారి పదవి వదులుకోగా, 2025 ఫిబ్రవరి 3న జరిగిన ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి రమేశ్ కుమార్ 23 ఓట్లతో, ప్రత్యర్థికి వచ్చిన 14 ఓట్ల మీద గెలిచారు. శాసనసభ్యుడు బాలకృష్ణ, పార్లమెంటు సభ్యుడు బి.కె. పార్థసారథి తమ ఎక్స్‌అఫీషియో ఓట్లు వేశారు. ఐదేళ్ల గడువులో రమేశ్ కుమార్‌కు అప్పటికి మిగిలినది ఏడాదికి పైచిలుకు మాత్రమే.