నల్లగొండ నీళ్లు, మూడు శాస్త్రాలు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ 2016 అక్టోబరు దాకా ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనివే. ఆ జిల్లా పేరు ప్రపంచ వైద్య పత్రికల్లోకి ఎక్కింది మాత్రం తాగునీటి వల్ల. ఇక్కడ నేల అడుగున ఎక్కువగా గ్రానైటు, నైస్ రాళ్లు. వాటిలోని ఫ్లోరిన్ ఖనిజాలు కొద్దికొద్దిగా కరిగి బావుల్లోకి, బోర్లలోకి చేరతాయి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది ప్రమాణం. దాటిన నీళ్లు పిల్లలు తాగితే పళ్లు గారపడతాయి. ఏళ్ల తరబడి తాగితే మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఈ జబ్బే ఫ్లోరోసిస్. ఈ ఒక్క సమస్యను వైద్యులు ఒకవైపు నుంచి, రసాయన శాస్త్రజ్ఞులు ఇంకోవైపు నుంచి పట్టుకున్నారు. సాగునీటి ప్రాజెక్టుల లాభనష్టాలు లెక్కగట్టినవారు చాలాకాలం అటువైపే చూడలేదు.

గారపళ్లకు కారణం ఫ్లోరైడేనని 1931లో అమెరికాలో తేల్చింది దంతవైద్యులు కాదు, అల్యూమినియం కంపెనీలో పనిచేసే చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు. అదే దశాబ్దంలో దర్శి, పొదిలి, వినుకొండ ప్రాంతాల రైతులు తమ ఎడ్లు కాళ్లు పట్టేసి నడవలేకపోవడం గమనించారు. అంటే తెలుగునాట ఈ జబ్బును మొదట పసిగట్టింది రైతులే. 1937లో షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఇది మనుషుల ఎముకలనూ దెబ్బతీస్తోందని రాశారు. నల్లగొండ వంతు 1955లో వచ్చింది. జిల్లాలోని ఫ్లోరోసిస్ రోగులపై సిద్దిఖీ రాసిన వ్యాసాన్ని ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్ అచ్చువేసింది.

కాకతాళీయమే కావచ్చు, నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసిందీ అదే ఏడు, డిసెంబరు 10న. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు సాగింది. జొన్న, ఆముదం పండిన మెట్ట చేలు వరిమడులయ్యాయి. వడ్ల వెంట మిల్లులు వచ్చాయి. మిర్యాలగూడ రాష్ట్రంలోనే పేరుమోసిన బియ్యం మిల్లుల పట్టణమైంది. ప్రాజెక్టు ప్రయోజనాన్ని ఆయకట్టు ఎకరాల్లో, ధాన్యం బస్తాల్లో కొలిచారు. మనుషుల ఎముకలకు ఆ లెక్కలో గడి లేదు.

ఆ లోటు 1973లో బయటపడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఒక కొత్త లక్షణాన్ని వివరించారు. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో ఎదిగే వయసు పిల్లలకు, ముఖ్యంగా మగపిల్లలకు, మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. వెన్నెముక గట్టిపడుతుంటే కాళ్ల ఎముకలు మాత్రం గుల్లబారుతున్నాయి. ఒక్క ఫ్లోరైడుతోనే ఇలా ఎందుకవుతుంది? పరిశోధకుల చూపు నీళ్ల నుంచి తిండివైపు మళ్లింది. ఆ పిల్లల ప్రధానాహారం జొన్న. జలాశయం ఊటతో భూగర్భజలం పైకొచ్చి నేలలో క్షారం పెరిగింది, క్షార నేలలో మొక్క మాలిబ్డినంను ఎక్కువగా పీలుస్తుంది, అది ఒంట్లోని రాగిని మూత్రంలోకి తోసేస్తుంది, రాగి తగ్గితే ఎముక బలహీనపడుతుంది: వాళ్ల వాదన ఇది. జొన్నలో మాలిబ్డినం పెరిగితే మూత్రంలో పోయే రాగి పెరుగుతుందని గోపాలన్, దేవస్థలే 1974లో చూపారు. బియ్యం తిన్నప్పటి కంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఎక్కువ ఫ్లోరైడ్ నిలుస్తుందని మరో అధ్యయనం తేల్చింది. 1975లో న్యూ సైంటిస్ట్ పత్రిక దీన్ని పెద్ద ఆనకట్టకు చెల్లించిన మూల్యంగా రాసింది. గొలుసులోని ప్రతి లంకె ఒకే బలంతో నిరూపితం కాలేదు. అయినా వైద్యం, నేల రసాయనం, సాగునీటి ఆర్థికం ఒకే వాదనలో కలిసింది ఇక్కడే.

మందు వెతికే పని రసాయన శాస్త్రానికి వచ్చింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’ 1975లో ప్రచురితమైంది. బకెట్ నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కలిపి మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పాలి. పటికలోని అల్యూమినియం దూదిపింజల్లాంటి తెట్టుగా మారి ఫ్లోరైడును పట్టుకుని అడుగుకు దిగుతుంది. ఓ గంట ఆగి పైతేట తీసుకుని వడకట్టుకోవాలి. ఖరీదైన సరంజామా ఏదీ అక్కర్లేదు.

చిక్కంతా దాన్ని రోజూ చేయడంలోనే ఉంది. నీళ్లలో ఫ్లోరైడు, క్షారత ఎంతున్నాయో తెలిస్తే తప్ప పటిక మోతాదు కుదరదు. తక్కువైతే ఫ్లోరైడు మిగులుతుంది, ఎక్కువైతే అల్యూమినియం, సల్ఫేటు మిగిలి రుచి చెడుతుంది. అడుగున దిగిన మడ్డిని పారబోసే చోటూ కావాలి. పొద్దున్నే కూలికెళ్లే ఇంట్లో నీళ్లు కలిపి గంట కాచుకునే తీరిక ఎవరికి? ఊరుమ్మడి ప్లాంటు పెడితే దాన్ని నడిపే మనిషికి నెలనెలా జీతం కావాలి. ప్రయోగశాలలో కుదిరిన పద్ధతి ఊళ్లలో నిలవకపోవడానికి కారణం రసాయనం కంటే ఖర్చే అనడం సబబు. రెండు బకెట్ల రూపంలో దీన్ని టాంజానియాలోని అరూషా దగ్గర పరిశోధకులు మళ్లీ పరీక్షించారు. అలా జిల్లా పేరు ఆఫ్రికా నీటి గ్రంథాల్లోకీ చేరింది.

చివరకు పరిష్కారంగా ఎంచుకున్నది బావినీటిని శుద్ధి చేయడం కాదు, దాన్ని తాగడమే మానిపించి నదినీళ్లు తేవడం. 2016లో మొదలైన మిషన్ భగీరథ కృష్ణా నీటిని గొట్టాల్లో ఇళ్ల దాకా తెచ్చింది. కాలువ కిందికి రాని మునుగోడు, మర్రిగూడ వైపు మెట్ట ఊళ్లకు ఆ నీళ్ల అవసరం ఎక్కువ. అయితే గట్టిపడిన ఎముక తిరిగి మామూలు కాదు. పాత బోరు నీళ్లతో వంగిపోయినవాళ్లకు కావలసింది నొప్పికి మందులు, నిలబడేందుకు ఊతం, పింఛను.