తాటి నీరా పులవకుండా చల్లగా ఉంచడం ఎలా?

నెల్లూరు తీర మండలాల ఇసుక నేలల్లో, చేల గట్లపై తాటి చెట్లు ఉన్న రైతులకు వేసవిలో నీరా అదనపు ఆదాయం. తాటి గెల నుంచి కారే ఈ తీపి రసంలో సుమారు 10 నుంచి 14 శాతం చక్కెర ఉంటుంది. చల్లగా ఉంచితే పానీయం, కాచితే బెల్లం, వేడిలో వదిలేస్తే కొన్ని గంటల్లోనే కల్లు.

ఎందుకు పులుస్తుంది?

గాలి, పురుగులు, కడగని కుండల ద్వారా ఈస్టు, బాక్టీరియా నీరాలో చేరతాయి. రెడ్ వైన్ తయారీలో ద్రాక్ష రసాన్ని సుమారు 25–30 డిగ్రీల సెల్సియస్ వద్ద కావాలనే పులియబెడతారు. వేసవిలో మన తీరంలో రాత్రిపూట కూడా ఇంచుమించు అదే వేడి ఉంటుంది. అందుకే చెట్టు మీది కుండలోనే పులవడం మొదలవుతుంది. 5 డిగ్రీల లోపు ఉంచితే ఇది బాగా నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు.

తాగే నీరాకు పాటించాల్సినవి

• కుండలను ప్రతిసారీ వేడినీటితో కడిగి ఆరబెట్టాలి.
• కాసరగోడ్‌లోని కేంద్ర తోట పంటల పరిశోధనా సంస్థ కొబ్బరి నీరా కోసం ఐసు పెట్టెను రూపొందించింది. రసం చెట్టు మీదే చల్లబడుతుంది. తాటికీ ఇదే సూత్రం వర్తిస్తుంది.
• ఎండ రాకముందే దించి, వడకట్టి, వెంటనే ఐసు పెట్టెలో పెట్టాలి.
• 30 డిగ్రీల వేడి ఉన్న 10 లీటర్ల నీరాను 4 డిగ్రీలకు దించడానికి 3 కిలోలకు పైగా ఐసు కావాలి. దారిలో కరిగేది కలుపుకొని 5–6 కిలోలు సిద్ధం చేసుకోవాలి.
• చేపలు, రొయ్యల కోసం తయారుచేసే ఐసును నీరాలో కలపకూడదు. మూత ఉన్న డబ్బాల చుట్టూ మాత్రమే పేర్చాలి.
• గెలను, కుండను వలతో కప్పాలి. గబ్బిలాలు తాకిన ఖర్జూర రసం పచ్చిగా తాగడం వల్ల బంగ్లాదేశ్‌లో నిపా వ్యాధి సోకింది. చల్లదనం వైరస్‌ను చంపదు.

పులిసిందని గుర్తించడం

నురగ, పుల్లటి వాసన కనిపిస్తే నీరాగా అమ్మకూడదు. సున్నం వేయని తాజా నీరా పీహెచ్ 7కు దగ్గరగా ఉంటుంది. 6 కంటే తగ్గితే పులుపు మొదలైనట్టే.

ఐసు దొరకకపోతే

కుండ లోపల సున్నం పలుచగా పూసి రసం పట్టాలి. ఆ ఉదయమే కాచి బెల్లం చేయాలి. 10 లీటర్లకు సుమారు కిలో బెల్లం వస్తుంది. పులిసిన రసంతో చేసిన పాకం సరిగా గడ్డకట్టదు.

అనుమతులు

గీత మొదలుపెట్టే ముందే ఎక్సైజ్ అధికారులను, అమ్మకానికి ముందు ఆహార భద్రత అధికారులను సంప్రదించి నిబంధనలు తెలుసుకోవాలి. సాంకేతిక సలహాలకు రంపచోడవరం సమీపంలోని పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానాన్ని అడగవచ్చు.