గాయపాకు: సముద్రం దాటి వచ్చి మన మందైన మొక్క

కొడవలి జారి వేలు తెగినా, పోడులో మోడు గీరుకుని కాలు చీరుకున్నా మన గూడేల్లో ముందుగా వెతికేది గాయపాకునే. నాలుగు ఆకులు తుంచి, అరచేతిలో నలిపి, ఆ పసరు గాయం మీద పిండుతారు. కొన్ని చోట్ల దీన్నే గడ్డి చామంతి అంటారు, మరికొన్ని చోట్ల నల్లారం అంటారు. తమిళులు పిలిచే వెట్టుక్కాయప్పూండు అన్న పేరుకు కూడా తెగిన గాయానికి వాడే మొక్క అనే అర్థం. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ట్రైడాక్స్ ప్రొకంబెన్స్. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు పూల కుటుంబమే దీనిదీ.

మన వైద్యం గురించి సభల్లో మాట్లాడేటప్పుడు "వేల ఏళ్ల నాటి జ్ఞానం" అంటూ ఉంటాం. చాలా మందుల విషయంలో ఆ మాట నిజమే. గాయపాకు చరిత్ర మాత్రం వేరు. ఆ చరిత్ర తెలిస్తే మన పెద్దల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఎక్కడి మొక్క?

గాయపాకు పుట్టిల్లు మన కొండలు కావు. అది మధ్య అమెరికా, మెక్సికో ప్రాంతాల మొక్క. 1753లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టినప్పుడు, ఇది దొరికే చోటుగా మెక్సికో తీరంలోని వెరాక్రూజ్‌ను రాశాడు. దీని జాతిలో సుమారు 30 రకాలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం నేటికీ మెక్సికోలోనే పెరుగుతున్నాయి. 1872 నుంచి 1897 వరకు ఏడు సంపుటాలుగా వెలువడిన హుకర్ గ్రంథం "ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా" నాటికే ఇది మన దేశంలో స్థిరపడిన కలుపు మొక్క.

దీని విత్తనానికి దూది లాంటి కుచ్చు ఉంటుంది. గాలి వీస్తే చాలు, ఎగిరి పోయి కొత్త చోట మొలుస్తుంది. బాటల పక్కన, బీడుల్లో, గట్ల మీద, గోడ పగుళ్లలో కూడా బతుకుతుంది. అమెరికా ప్రభుత్వం దీన్ని హానికర కలుపు మొక్కల జాబితాలో పెట్టింది. అక్కడ కలుపుగా చూసే మొక్కకు ఇక్కడ మనవాళ్లు "గాయపాకు" అని పేరు పెట్టుకున్నారు.

పరీక్షించిన వారు ఎవరు?

యువతీ యువకులు ఆలోచించవలసిన విషయం ఇదే. ఈ మొక్క గురించి తాత ముత్తాతలు చెప్పిన మాట ఏదీ మొదట్లో లేదు. ఊళ్లోకి కొత్తగా వచ్చింది. ఎవరో ఒకరు దాని ఆకు నలిపి చూశారు. వాసన చూశారు, గాయం మీద పెట్టి చూశారు. నెత్తురు ఆగిందా, చీము పట్టిందా, ఎన్నాళ్లకు మానింది అని గమనించారు. ఫలితం బాగుంటే పక్కవారికి చెప్పారు. అలా ఊరూరా రుజువైన తర్వాతే దానికి ఆ పేరు నిలిచింది. ఈ పని చేసినవారి పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వారిలో పశువులు కాసే పిల్లలు, కలుపు తీసే ఆడవాళ్లు, మందు చెప్పే పెద్దలు ఉండి ఉంటారు.

వచ్చిన ప్రతి మొక్కనూ వారు మందుగా తీసుకోలేదు. వయ్యారిభామనే చూడండి. అదీ ఇదే చామంతి కుటుంబం, అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే. 1950ల మధ్యలో పుణె దగ్గర గుర్తించారు, ఆ తర్వాత దేశమంతా కమ్ముకుంది. దాన్ని తాకితే దురద, పుప్పొడి పీలిస్తే ఆయాసం. పెద్దలు దాని జోలికి పోవద్దనే చెబుతారు. ఒకే కుటుంబం, ఒకే ఖండం నుంచి వచ్చిన రెండు మొక్కల్లో దేన్ని చేరదీయాలో, దేన్ని దూరం పెట్టాలో తేల్చుకున్నది చూపు, అనుభవం. అందుకే మన వైద్యాన్ని మూఢనమ్మకం అని కొట్టిపారేసే వారికి గాయపాకు మంచి జవాబు.

1980లలో మన దేశ పరిశోధకులు ఈ ఆకు పసరును ఎలుకల గాయాల మీద పరీక్షించి, గాయం మానడానికి అది తోడ్పడుతుందని ప్రచురించారు. ఎలుకల మీద పరీక్ష మనుషుల విషయంలో పూర్తి రుజువు కాదు. అయినా మన పెద్దలు ఎప్పుడో చూసినదాన్నే ప్రయోగశాల వెతుక్కుంటూ వచ్చిందన్నది వాస్తవం.

రాయకపోతే ఏమవుతుంది?

1995లో అమెరికాలో ఒక పేటెంట్ ఇచ్చారు. గాయాలు మానడానికి పసుపు వాడటం మీద అది. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని సవాలు చేసింది, 1997లో ఆ పేటెంట్ రద్దయింది. అయితే గెలిపించినది మన అవ్వల మాట కాదు. పాత సంస్కృత గ్రంథాలు, వైద్య పత్రికల్లో అచ్చయిన వ్యాసాలు గెలిపించాయి. అప్పటి అమెరికా చట్టం ప్రకారం వేరే దేశంలో జనం వాడుతున్నారంటే చాలదు, అచ్చులో ఆధారం ఉండాలి.

ఆ అనుభవంతో 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయం మొదలైంది. ఆయుర్వేదం, యునాని, సిద్ధ వైద్య గ్రంథాల్లోని మందులు అందులోకి ఎక్కాయి. మన మందులు చాలావరకు గ్రంథాల్లో లేవు, నోటి మాటగా ఉన్నాయి. చెప్పే పెద్ద మనిషి వెళ్లిపోతే ఆ మందూ వెళ్లిపోతుంది.

చట్టం మనకు రెండు దారులు చూపింది. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ తయారు చేయాలి. అటవీ హక్కుల చట్టం, 2006 జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి సామూహిక హక్కును గుర్తించింది. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా, ఉంటే అందులో ఏం రాశారు అని అడగండి.

మనం చేయగలిగిన పని

ముందుగా గాయపాకుతోనే మొదలుపెట్టవచ్చు. మొక్కను సరిగా గుర్తించండి. ఆకులు గరుకుగా, అంచులు రంపపు పళ్లలా ఉంటాయి. పొడవాటి కాడ చివర ఒక్కటే పువ్వు. మధ్యలో పసుపు, చుట్టూ తెల్లని రేకులు, ఒక్కో రేకు చివర మూడు నొక్కులు. గుంటగలగరతో దీన్ని పొరపాటు పడేవారున్నారు. అది తడి నేలల్లో పెరిగే వేరే మొక్క.

తర్వాత మీ భాషలో దాని పేరు రాయండి. కోయలో ఏమంటారు, గోండిలో ఏమంటారు, కువిలో, సవరలో ఏమంటారు? ఎలా వాడతారు, ఎప్పుడు వాడరు? చెప్పిన పెద్దల పేరు వారి అనుమతితోనే రాయండి. బయటికి చెప్పవద్దని వారు అన్నది రాయకండి. ఏది చెప్పాలో తేల్చే హక్కు వారిదే.

ఒక జాగ్రత్త. చిన్న గీరుకి ఆకు పసరు సరే. లోతుగా తెగితే, తుప్పు పట్టిన ఇనుము గుచ్చుకుంటే, పాము కరిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి, ధనుర్వాతం సూది వేయించుకోవాలి. పనికొచ్చేదాన్ని పరీక్షించి తీసుకోవడమే మన పెద్దల పద్ధతి కాబట్టి సూదిని కాదనడం వారి బాట కాదు.

ఈ వానాకాలంలో ఒక్కొక్కరు ఒక్క మొక్క గురించి, ఒక్క పెద్దవారిని అడిగి, ఒక్క పేజీ రాస్తే చాలు. వచ్చే ఏడాదికి మన గూడేనికి సొంత పుస్తకం ఉంటుంది.