నిలిచియుండుట

యోహాను సువార్త 15వ అధ్యాయమున, ద్రాక్షావల్లికిని దాని తీగెలకును గల సంబంధమును జెప్పుచు, గ్రీకు మూలము పదేపదే వాడిన ‘మెనో’ యను క్రియకు వసించుట, బసచేయుట, విడువక యుండుట యను అర్థములు గలవు. తెలుగు అనువాదకు లందుకు ‘నిలిచియుండుట’ యను జంటక్రియను గైకొనిరి. తమిళ కన్నడముల ‘నిల్’ మన ‘నిలుచు’నకు తోబుట్టువు, నిలుకడయు నిలువయు దాని సంతానమే. అయినను ‘నిలుచు’ యొక్కటియే యున్నచో కాళ్లమీద లేచినట్లే తోచును. ‘ఉండు’ వచ్చి చేరినపిదప గదా దానికి కాపురపు వాసన యబ్బినది! నాకు మూలముకంటె నీ జంటయే రుచించును.

హైదరాబాదు పరిసరములు ఒకప్పుడు అనాబెషాహి ద్రాక్షకు పేరొందినవే. ఐనను ముడిమ్యాల గ్రామము చెంత ‘నిలిచియుండుట’ యను మాటకు భాష్యము చెప్పునవి చేవెళ్ల దారి మఱ్ఱులు. మొయినాబాదు మొదలు మన్నెగూడ దనుక నిలిచిన యా వృక్షములు ఊడలను దించును. నేలనంటిన యూడ వేరై, పిదప మ్రానై, తన్ను గన్న కొమ్మనే మోయును.

ఆ దారినే వేకువ కూరగాయల గంపలను బండి కెత్తుచు, పెదవి కదపక ప్రార్థించుకొను క్రైస్తవ గృహిణి, అట్లు నిలిచియుండుటకు ఆదివారము దాక ఆగదు.