దేవికారాణి, బాంబే టాకీస్ ప్రదర్శనలు

భారతీయ చలనచిత్ర తొలితరం నాయికల్లో అగ్రగణ్యురాలైన దేవికారాణి (1908–1994) జీవితాన్నీ, ఆమె భాగస్వామిగా వెలసిన బాంబే టాకీస్ సంస్థ కృషినీ ఛాయాచిత్రాలు, ఉత్తరాలు, ప్రచార పత్రాల ద్వారా తెలిపిన ప్రదర్శనల్లో ప్రధానమైనది 2017లో మెల్బోర్న్ నగరంలోని చలనచిత్ర మ్యూజియం 'ఆక్మి'లో జరిగింది. ఆమె పుట్టింది మాత్రం విశాఖపట్నంలోని వాల్తేరులో.

మద్రాసు రాజధానిలో సర్జన్ జనరల్ పదవి చేపట్టిన తొలి భారతీయుడు మన్మథనాథ్ చౌధురి ఆమె తండ్రి. రవీంద్రనాథ ఠాగూరు బంధువర్గానికి చెందిన ఈ బెంగాలీ కుటుంబం ఆమెను చిన్నతనంలోనే చదువు కోసం ఇంగ్లండు పంపింది. లండన్‌లో నటన, సంగీతం అభ్యసించి, వస్త్రాలపై అద్దకపు నమూనాలు గీయడం నేర్చిన ఆమె 1929లో నిర్మాత హిమాంశు రాయ్‌ను వివాహమాడి, ఆయన వెంట జర్మనీలోని ఉఫా స్టూడియోకు వెళ్లి చిత్ర నిర్మాణపు మెలకువలు గ్రహించింది. 1933 నాటి 'కర్మ'లో నాయికగా నటించిన మరుసటి ఏడాదే, బొంబాయి శివారు మలాడ్‌లో వాటాదారుల పెట్టుబడితో బాంబే టాకీస్ ఏర్పడింది.

సంస్థకు పేరు తెచ్చిన 'అఛూత్ కన్య' (1936)లో ఆమె రైల్వే గేటు కాపలాదారు కూతురుగా, బ్రాహ్మణ యువకుణ్ణి ప్రేమించిన అస్పృశ్య బాలికగా కనిపిస్తుంది. దర్శకుడు ఫ్రాంజ్ ఓస్టెన్, ఛాయాగ్రాహకుడు జోసెఫ్ వీర్షింగ్ ఇద్దరూ జర్మన్లే. 1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం జర్మన్ నిపుణులను నిర్బంధించడం, 1940లో రాయ్ కన్నుమూయడం వెంటవెంటనే జరగగా, స్టూడియో భారం ఆమె మీద పడింది. నటిగా ఆమెకు దక్కిన కీర్తి ముందు నిర్వాహకురాలిగా ఆమె చేసిన పని మరుగున పడడం అన్యాయమే. 'జ్వార్ భాటా' (1944)తో తెరకు పరిచయమైన దిలీప్ కుమార్‌ను ఎంపిక చేసింది ఆమే.

ఆమె చివరి చిత్రం 'హమారీ బాత్' (1943)లో కథానాయకుడు పి. జైరాజ్ కావడం తెలంగాణ పాఠకులు గుర్తుంచుకోదగినది. పాత కరీంనగర్ జిల్లావాడైన ఆయనకు 1980 సంవత్సరపు దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం లభించగా, 1969లో నెలకొల్పిన ఆ పురస్కారాన్ని అందరికంటే ముందు అందుకున్నది దేవికారాణి.

ప్రదర్శనలకు ఆధారం కుటుంబాలు దాచిన వస్తుజాలమే. పాత ఫిల్ము నైట్రేటుతో చేసినది కాబట్టి తేలిగ్గా అంటుకునేది, కాలక్రమంలో చివికిపోయేది; స్టిల్స్, అంటే చిత్రీకరణ సమయంలో విడిగా తీసిన నిశ్చల ఛాయాచిత్రాలు, కాగితంపై ముద్రితమై నిలిచాయి. రాయ్‌కు జర్మనీలో కలిగిన కుమార్తె సంతతి అలాంటి ఫొటోలను, ఉత్తర ప్రత్యుత్తరాలను మెల్బోర్న్‌లో భద్రపరచడం వల్లనే ఆక్మి ప్రదర్శన సాధ్యమైంది. అదే సంవత్సరం డిసెంబరులో గోవాలోని సెరెండిపిటీ కళోత్సవంలో వీర్షింగ్ తీసిన ఛాయాచిత్రాలను ఆల్కాజీ ఫౌండేషన్ ప్రదర్శించింది. పూర్తయిన సినిమాలో కనబడనివి, అంటే దీపాల అమరిక, కెమెరా వెనుక నిలిచిన సిబ్బంది, షాట్ల నడుమ నటీనటుల విరామం ఇలాంటి బొమ్మల్లోనే దొరుకుతాయి. అప్పటి స్టూడియో పనితీరు తెలుసుకోగోరే వారికి ఇవి పత్రికా వ్యాసాలకంటే విలువైన సాక్ష్యాలు.

1945లో రష్యన్ చిత్రకారుడు స్వెతోస్లావ్ రోరిచ్‌ను వివాహమాడిన దేవికారాణి సినిమాలు విడిచి, తరువాతి కాలంలో బెంగళూరు దగ్గరి తాతగుణి ఎస్టేటులో స్థిరపడింది. లినలో అనే సుగంధ తైలపు చెట్లు పెంచిన ఆ విశాలమైన తోటపై దంపతుల మరణానంతరం వివాదాలు తలెత్తగా, కర్ణాటక ప్రభుత్వం 1996లో ప్రత్యేక చట్టం చేసి దానిని స్వాధీనం చేసుకోజూసింది. ఆ చట్టం చెల్లుతుందని సుప్రీంకోర్టు 2011 ఆగస్టులో తీర్పు చెప్పింది. అంతకు ఆరు నెలల ముందే, ఫిబ్రవరిలో, తపాలా శాఖ అలనాటి నాయికల స్మారకంగా విడుదల చేసిన బిళ్లల వరుసలో దేవికారాణి, సావిత్రి ఇద్దరికీ చోటు దక్కింది.