కళాశాల మూలనిధి, నైతిక పెట్టుబడి: మద్రాసు సరుకు నుంచి వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం దాకా

ఎండోమెంట్ అనగానే మనకు దేవాదాయ శాఖ గుర్తొస్తుంది. గుడికి ఎవరో మాన్యం రాసిస్తారు. ఆ భూమిని అమ్మకూడదు, దాని కౌలుతో ధూపదీప నైవేద్యాలు జరగాలి. కళాశాల మూలనిధి కూడా అంతే. దాతలిచ్చిన అసలును ముట్టకుండా పెట్టుబడి పెడతారు. వచ్చే ఆదాయంతో స్కాలర్‌షిప్‌లు, జీతాలు, పరిశోధన నడుస్తాయి.

ఇక్కడ రెండు ప్రశ్నలు వస్తాయి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? దాన్ని ఎక్కడ పెట్టారు? మొదటిది చరిత్రకు, రెండోది నైతికతకు సంబంధించినవిగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకటే ప్రశ్న. దీన్ని అర్థం చేసుకోవడానికి యేల్ విశ్వవిద్యాలయం కథ మీకు బాగా పనికొస్తుంది. జీఎస్-1లో ప్రపంచ చరిత్రకు, జీఎస్-4లో నైతికతకు ఈ ఒక్క ఉదాహరణ సరిపోతుంది.

మద్రాసు నుంచి వెళ్లిన సంపద

ఎలీహు యేల్ ఈస్టిండియా కంపెనీలో గుమాస్తాగా 1672లో మద్రాసు వచ్చాడు. 1687 నుంచి 1692 వరకు సెయింట్ జార్జ్ కోటకు గవర్నరుగా ఉన్నాడు. కంపెనీ పదవిలో ఉంటూనే సొంత వ్యాపారం చేసి, ముఖ్యంగా వజ్రాల వర్తకంలో, పెద్ద ఆస్తి కూడబెట్టాడు. ఆ రోజుల్లో మద్రాసుకు చేరే వజ్రాలకు గోల్కొండ రాజ్యంలోని కృష్ణా తీరపు గనులే ప్రధాన ఆధారం. యేల్ హయాంలో మద్రాసు రేవు నుంచి బానిసల ఎగుమతి కూడా జరిగింది. స్వలాభం చూసుకున్నాడన్న ఆరోపణల మధ్య కంపెనీ అతన్ని పదవి నుంచి తప్పించింది.

1718లో అమెరికాలోని న్యూహేవెన్‌లో ఒక చిన్న కళాశాల డబ్బు కోసం వెతుకుతోంది. యేల్ 9 మూటల సరుకు, 417 పుస్తకాలు, రాజు మొదటి జార్జ్ చిత్రపటం పంపాడు. సరుకు అమ్మితే 562 పౌండ్లు వచ్చాయి. కృతజ్ఞతగా కళాశాలకు అతని పేరే పెట్టారు. ఆ డబ్బు ఎలా వచ్చిందని అప్పుడు ఎవరూ అడగలేదు. బానిసత్వంతో తనకున్న సంబంధాలకు యేల్ విశ్వవిద్యాలయం లాంఛనంగా క్షమాపణ చెప్పింది 2024లో. అంటే మొదటి ప్రశ్నకు జవాబు రావడానికి మూడు శతాబ్దాలు పట్టింది.

రెండో ప్రశ్న ఎప్పుడు మొదలైంది?

రెండో ప్రశ్నకు పద్ధతి ప్రకారం జవాబు వెతికిన తొలి విశ్వవిద్యాలయాల్లో ముందు నిలిచింది కూడా యేలే. 1969లో అక్కడ ఈ అంశంపై ఒక సెమినార్ మొదలైంది. దాని ఫలితంగా సైమన్, పవర్స్, గన్నెమన్ అనే ముగ్గురు రాసిన ‘ది ఎథికల్ ఇన్వెస్టర్’ పుస్తకం 1972లో వెలువడింది. అదే ఏడాది ఆ మార్గదర్శకాలను విశ్వవిద్యాలయం స్వీకరించింది.

అందులోని తర్కం సూటిగా ఉంటుంది. వాటా కొన్నవాడు కంపెనీకి పాక్షిక యజమాని. కంపెనీ సమాజానికి హాని చేస్తుంటే యజమానికీ బాధ్యత ఉంటుంది. ముందు వాటాదారుగా ఓటు వేసి, యాజమాన్యంతో మాట్లాడి దాన్ని సరిదిద్దాలి. ఫలితం లేనప్పుడే వాటాలు అమ్మాలి. మన వల్ల కాని హానిలో మనం ఎప్పుడు జోక్యం చేసుకోవాలన్నదానికి వారు నాలుగు కొలతలు చెప్పారు:

- అవసరం: హాని ఎంత తీవ్రమైనది?
- సామీప్యం: దాని గురించి మనకు తెలుసా, మనం దానికి దగ్గరగా ఉన్నామా?
- సామర్థ్యం: మనం ఏమైనా చేయగలమా?
- చివరి ఆధారం: ఇంకెవరూ ముందుకు రావడం లేదా?

జీఎస్-4 కేస్ స్టడీల్లో ఈ నాలుగింటినీ మీరు నేరుగా వాడుకోవచ్చు.

దక్షిణాఫ్రికా పరీక్ష

ఈ సిద్ధాంతానికి అసలు పరీక్ష వర్ణవివక్ష రూపంలో వచ్చింది. ఇక్కడ భారత్ పాత్రను మరవకండి. అక్కడి భారతీయుల భూమి హక్కులపై ఆంక్షలు పెట్టిన చట్టానికి నిరసనగా, స్వాతంత్ర్యానికి ముందే, 1946లో దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని తెంచుకున్న తొలి దేశం మనదే. అదే ఏడాది ఈ అంశాన్ని ఐక్యరాజ్యసమితి ముందుకు తీసుకెళ్లాం.

అమెరికా కళాశాలలు ఆ దారిలోకి రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1977లో హాంప్‌షైర్ కళాశాల దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల వాటాలను అమ్మేసింది. విద్యార్థుల ఆందోళనల తర్వాత 1985లో కొలంబియా, 1986లో సుమారు 300 కోట్ల డాలర్ల పెట్టుబడులున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అదే నిర్ణయం తీసుకున్నాయి. యేల్ మాత్రం పూర్తిగా వైదొలగలేదు, ఎంపిక చేసిన కంపెనీల వాటాలే అమ్మింది. 1986లోనే అధ్యక్షుడు రీగన్ వీటోను తోసిపుచ్చి అమెరికా కాంగ్రెస్ ఆంక్షల చట్టం చేసింది.

ఒక జాగ్రత్త. మన ఆర్థిక పాఠాల్లో ‘పెట్టుబడుల ఉపసంహరణ’ అంటే ప్రభుత్వం తన సంస్థల్లోని వాటాలు అమ్మడం. ఇక్కడ అర్థం వేరు. నైతిక కారణంతో ఒక కంపెనీలో వాటా వదులుకోవడం.

అభ్యంతరాలు

ఒకవైపే రాస్తే సమాధానం తేలిపోతుంది. ప్రతివాదాలు బలమైనవే.

మొదటిది, మీరు అమ్మితే మరొకరు కొంటారు. దక్షిణాఫ్రికా బహిష్కరణపై 1999లో వెలువడిన టియో, వెల్చ్, వజ్జాన్‌ల అధ్యయనం కూడా కంపెనీల వాటాల ధరలపై దాని ప్రభావం చాలా తక్కువేనని తేల్చింది. రెండోది, విశ్వవిద్యాలయం రాజకీయ పక్షం వహించకూడదు. షికాగో విశ్వవిద్యాలయపు 1967 నాటి కాల్వెన్ నివేదిక వాదన ఇదే. మూడోది, మూలనిధి దాతలది, రేపటి విద్యార్థులది. నేటి పాలకులు తమ అభిప్రాయం కోసం దాని ఆదాయం తగ్గించవచ్చా?

వీటికి జవాబు ధరల్లో కంటే ప్రజాభిప్రాయంలో దొరుకుతుంది. ఉపసంహరణ కంపెనీలను దివాలా తీయించలేదు. కానీ వర్ణవివక్షతో వ్యాపారం సిగ్గుపడాల్సిన పని అన్న భావనను బలపరిచింది. ఇక తటస్థత సంగతి: వాటా ఉంచుకోవడం కూడా ఒక నిర్ణయమే. లాభం తీసుకుంటూ తటస్థంగా ఉన్నామని చెప్పడం కష్టం.

మన దేశంలో

ఐఐటీలు పూర్వ విద్యార్థుల విరాళాలతో మూలనిధులు పెంచుకుంటున్నాయి. జాతీయ విద్యా విధానం 2020 దాతృత్వాన్ని ప్రోత్సహిస్తోంది. మరి ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి? ధార్మిక, విద్యా ట్రస్టులు పన్ను మినహాయింపు నిలుపుకోవాలంటే నిధులను ఏ రూపాల్లో ఉంచాలో ఆదాయపు పన్ను చట్టం జాబితా ఇచ్చింది. ప్రభుత్వ సెక్యూరిటీలు, షెడ్యూల్డ్ బ్యాంకు డిపాజిట్లు, ప్రభుత్వ రంగ సంస్థల్లో పెట్టుబడి వంటివి అందులో ఉన్నాయి. నిబంధనల ద్వారా మ్యూచువల్ ఫండ్లనూ అనుమతించారు.

ఈ జాబితా చూసేది భద్రతను. నైతికతను కాదు. పర్యావరణ శాస్త్రం బోధించే సంస్థ బొగ్గు కంపెనీలో, క్యాన్సర్ పరిశోధన చేసే సంస్థ ఫండ్ ద్వారా పొగాకు కంపెనీలో పెట్టుబడి పెట్టినా చట్టం అడ్డుచెప్పదు. చట్టబద్ధత, నైతికత ఒకటి కావనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ అరుదు.

ముందుకు దారిగా మీరు మూడు సూచనలు రాయవచ్చు: మూలనిధి పెట్టుబడులను ఏటా బహిరంగపరచడం, అధ్యాపకులు, విద్యార్థులు, పూర్వ విద్యార్థులతో సలహా సంఘం, అమ్మకానికి ముందు వాటాదారుగా సంప్రదింపులు.

మన మూలనిధులు ఇంకా చిన్నవి. అందుకే ఈ ప్రశ్న వేయడానికి ఇదే సరైన సమయం. మొదట్లో అడగని ప్రశ్నకు యేల్ 2024లో జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

సాధన ప్రశ్న: మీరు ఒక కేంద్ర విశ్వవిద్యాలయ ఆర్థికాధికారి. మూలనిధిలో కొంత భాగం నది కాలుష్యానికి కారణమైన ఒక ప్రభుత్వ రంగ సంస్థలో ఉంది. దాని రాబడితో 200 మంది పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు అందుతున్నాయి. ఆ నది ఒడ్డున ఉన్న గ్రామాల విద్యార్థులే ఉపసంహరణ కోరుతున్నారు. మీ ముందున్న మార్గాలను పై నాలుగు కొలతలతో పరిశీలించి, 250 పదాల్లో మీ నిర్ణయం రాయండి.